అమ్మీ కుట్టిన డాష్‌బోర్డు

కొత్తగూడెంలో మా తమ్ముడు గౌస్ ఇంటికి వెళ్ళినప్పుడల్లా, టిఫిన్ కాగానే దుకాణానికి బయల్దేరడం నాకు అలవాటు. బళ్ళ సీట్లు కుట్టే దుకాణం అది. మా అబ్బా, అంటే మా నాన్న, పెట్టింది. ముప్పై ఏళ్ళు బడిపిల్లల గోల మధ్య తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని, ఇంట్లో ఊరికే కూర్చోలేను. దుకాణంలో అయితే కుర్చీ వేస్తారు, టీ తెప్పిస్తారు, వచ్చేపోయే మనుషులు కనిపిస్తారు. మొన్న వెళ్ళేసరికి దుకాణం ముందు నీడపట్టున ఒక పాత జపాన్ జీపు ఆగి ఉంది. గుండ్రటి దీపాలు, తెల్లటి టాపు, కొత్తగా వేయించిన ఆకుపచ్చ రంగు. దాన్ని చూడగానే నా కాళ్ళు మెట్టు దగ్గరే ఆగిపోయాయి. అలాంటి బండిని నేను చూసి ఎన్నేళ్ళయిందో లెక్క కూడా లేదు.

బండి చండ్రుగొండ రైతు సుబ్బారావు గారిది. వాళ్ళ తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ భూములు కొనుక్కున్నారట, ఇప్పుడు పామాయిల్ తోటలు. పాత ఇనుము కొట్టులో తుప్పు పట్టి పడి ఉన్న జీపును ముచ్చటపడి కొని, ఇంజను బాగుచేయించి, రంగు వేయించి, ఇక డాష్‌బోర్డు ప్యాడ్ ఒక్కటీ మిగిలిందని తెచ్చారు. స్టీరింగు ముందు ఆ చివర నుంచి ఈ చివర దాకా పరుచుకుని ఉండే నల్లటి మెత్త అది. ఎండకు మూడు చోట్ల పగిలి, లోపలి స్పాంజి బెల్లంపొడిలా రాలుతోంది. పైన ప్లాస్టిక్ కవరు అంటిస్తే సరిపోతుందని వేరే చోట చెప్పారట. మా గౌస్ రెండో కూతురు సమీనా ఒప్పుకోలేదు. పాలిటెక్నిక్ చదివి, ఉద్యోగాలు వెతుక్కోకుండా వచ్చి దుకాణంలో కూర్చున్న పిల్ల అది. గౌస్‌కు నడుము నొప్పి మొదలైనప్పటి నుంచి పనంతా దానిదే.

"కవర్ ఏస్తే ఒక ఎండకాలం కూడ ఆగదు సార్. మొత్తం ఇప్పి, లోపల్నుంచి చెయ్యాలె," అంది సమీనా.

"ఊడదీసేటప్పుడు విరిగిపోతే ఎలాగమ్మా? ఇది మళ్ళీ దొరికేది కాదు. హైదరాబాదులో కూడా లేదన్నారు," అన్నారు సుబ్బారావు గారు. ఆయన చెయ్యి ప్యాడ్ మీదే ఉంది, జ్వరం వచ్చిన పిల్లాడి నుదుటి మీద ఉన్నట్టు.

"జల్దీ జేస్తే ఇరుగుతది సార్. నాకు జల్దీ లేదు."

ముందు బ్యాటరీ వైరు తీసింది. పక్క సీట్లో కూర్చున్నవాళ్ళు పట్టుకునే కమ్మీకి రెండు బోల్టులు, అవి విప్పింది. బూడిద డబ్బా, దాని వెనక స్క్రూ. ముందు అద్దం అడుగున వరసగా స్క్రూలు. వాటికి స్క్రూడ్రైవర్ అందాలంటే అద్దాన్ని కొంచెం వదులు చేసి ముందుకు వంచాలి. ఒక్కొక్కటి విప్పడం, ఫోనుతో ఫోటో తీయడం, అట్ట మీద గుచ్చడం. అన్నీ వచ్చాక రెండు చేతులతో ప్యాడ్‌ను మెల్లగా లేపింది. కుడివైపు లేచింది. ఎడమవైపు పట్టుకుని ఉంది. ఇంకొంచెం లేపితే పగులు పెద్దదవుతుంది. సుబ్బారావు గారు కళ్ళు మూసుకున్నారు.

నా నోరు నా ప్రమేయం లేకుండానే తెరుచుకుంది. "ఇంకో నట్టు ఉంటది సమీనా. స్పీడు మీటరు వెనక, ఎడమ దిక్కు. కంటికి కనబడదు. చెయ్యి పెట్టి చూడు."

అందరూ నా వైపు తిరిగారు. సమీనా మోచేతి దాకా లోపలికి పెట్టి తడిమింది. "ఉంది ఫుప్పూ! నీకెట్ల తెల్సు?" అంది. ఫుప్పు అంటే మేనత్త. దుకాణంలో ఏనాడూ సూది పట్టని మేనత్త, జీపులో ఎక్కడ ఏ నట్టు ఉందో చెప్పడం దానికి వింతగా ఉంది.

ప్యాడ్ విరగకుండా వచ్చింది. నేను అడిగి తీసుకుని, ఒళ్ళో పెట్టుకుని, తిరగేసి అంచు వెంబడి వేలు పోనిచ్చాను. నేను వెతికిన కుట్టు లేదు. అది ఫ్యాక్టరీలో పోత పోసిన మామూలు ప్యాడ్. అదే రకం బండి కానీ, అదే బండి కాదు. అయినా ఆ పాత రెక్సిన్ వాసన, ఇనుప రేకు తుప్పు వాసన ముక్కుకు తగిలాక ఇక నేను ఊరుకోలేకపోయాను. ఆ రోజంతా సమీనా పని చేస్తూ ఉంటే పక్కన కూర్చుని చెబుతూనే ఉన్నాను. అది విన్నదే ఇక్కడ రాస్తున్నాను.

మా చిన్నప్పటి ఇల్లు సొల్యూషన్ వాసన వేసేది. రెక్సిన్‌ను స్పాంజికి అంటించే జిగురును మేం సొల్యూషన్ అనేవాళ్ళం. ఒకటే గది, ముందు వసారా. వసారాలో రెక్సిన్ చుట్టలు, కొబ్బరి పీచు మూటలు, గోనె సంచులు. అన్నంలో, పప్పులో, చివరికి పండగ రోజు సేమ్యాలో కూడా ఆ వాసన ఉన్నట్టే ఉండేది. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల "నీ బట్టలు పెట్రోలు వాసన వస్తయేందే?" అని ఒకసారి అడిగింది. మా నాన్నది బిజినెస్ అని చెప్పాను. అబద్ధం కాదు. కానీ ఏం బిజినెస్సో చెప్పలేదు.

మా అబ్బా పేరు యాకూబ్. బస్టాండు దగ్గర రేకుల షెడ్డులో ఆయన దుకాణం. లారీ సీట్లు, జీపు సీట్లు, ట్రాక్టరు గద్దెలు కుట్టేవాడు. పొద్దున నమాజు కాగానే గ్లాసు నిండా టీ పోయించుకుని, బ్రెడ్డు ముక్క ముంచుకుని తిని, సైకిలెక్కేవాడు. కొత్త రెక్సిన్ వస్తే చెంపకు ఆనించి చూసేవాడు. "చెయ్యి మోసం చేస్తది గని చెంప చెయ్యదు," అనేవాడు. అదే ఆయన తెలివి అని మేం అనుకునేవాళ్ళం. ఆయన కళ్ళు పోతున్నాయని, అందుకే అన్నిటినీ తాకి చూస్తున్నాడని మాకు తర్వాత తెలిసింది. పక్క నుంచి ఎవరైనా వస్తే గుద్దుకునేవాడు. గుమ్మం పక్కన పెట్టిన బిందెను తన్నేవాడు. ఖమ్మం పెద్ద దవాఖానాలో చూసి, నరం ఎండిపోయింది, పోయిన చూపు రాదు, ఉన్నదన్నా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం అన్నారు. ఆ రోజు బస్సు దిగి ఇంటికి వచ్చి ఆయన ఒక్కటే మాట అన్నాడు, "దుకాణంల ఎవరికీ తెల్వద్దు."

అప్పటి నుంచి సన్నపని ఇంటికి రావడం మొదలైంది. "ఇంట్ల నింపాదిగ కుడత," అని గిరాకీలకు చెప్పి అబ్బా సైకిలు మీద సీట్లు వేసుకుని వచ్చేవాడు. కుట్టేది అమ్మీ. మా అమ్మీ ఖాసింబీ కుసుమంచిలో జట్కా బండ్ల గద్దెలు కుట్టే ఇంటి పిల్ల. చదువు లేదు. పెళ్ళికి ముందే వాళ్ళ నాన్న దగ్గర వంకర సూది పట్టడం నేర్చుకుంది. వంట అయ్యాక, మధ్యాహ్నం నమాజు చదివి, తలుపు గడియ పెట్టి కూర్చునేది. సాయంత్రం అజాన్ వినిపించేదాకా లేచేది కాదు. సూదులు చీర కొంగుకు గుచ్చుకునేది, మేం ఒళ్ళో పడుకోబోతే గుచ్చుకునేవి. అబ్బా పక్కన కూర్చుని రెక్సిన్ లాగి పట్టుకునేవాడు. ఎంత లాగితే ముడత పోతుందో, ఎంత లాగితే చిరుగుతుందో ఆయన వేళ్ళకు తెలుసు. కుట్టు ఎక్కడ పడాలో ఆమె కళ్ళకు తెలుసు. మర్నాడు పొద్దున సీటు బిగించి ఇస్తుంటే జనం యాకూబ్ మేస్త్రి చెయ్యి ఈ మధ్య ఇంకా ఆరితేరిందని అనేవాళ్ళు.

అలాంటి రోజుల్లో ఒక డాక్టరమ్మ దుకాణానికి వచ్చింది. భద్రాచలం అవతల, అడవి మొదలయ్యే చోట ఒక దవాఖానా ఉండేది. చుట్టూ ఉన్న కోయ ఊళ్ళన్నిటికీ అదొక్కటే. అక్కడి పెద్ద డాక్టరు ఆమె. పొట్టి మనిషి, నీలం అంచు తెల్ల చీర, కాళ్ళకు మగవాళ్ళ చెప్పులు. దవాఖానాకు ఉన్నది ఒకటే జీపు, ఈ జపాన్ జీపే. దాని డాష్‌బోర్డు ప్యాడ్ పగిలిపోయి, లోపలి రేకు అంచు బయటికి వచ్చి ఉంది. ముందు వారం గోతిలో పడినప్పుడు నర్సు నుదురు దానికి కొట్టుకుని నాలుగు కుట్లు పడ్డాయట.

"బండిని ఇక్కడ వదిలి వెళ్ళలేను మేస్త్రీ. ఏ ఊరి నుంచి ఎప్పుడు కబురొస్తుందో తెలియదు. ఆదివారం మీరే రండి. ఒక్కరోజులో చేసివ్వాలి," అంది.

అబ్బా తల ఊపాడు. ఆమె వెళ్ళాక ఇంటికి వచ్చి, అన్నం ముందు కూర్చుని, కలపకుండా అలాగే ఉన్నాడు. ఇంట్లో దాచి చేసే పనిని పదిమంది ముందు ఎలా చేయాలి? వద్దంటే డాక్టరమ్మ ఇంకొకరిని వెతుక్కుంటుంది, యాకూబ్ పని మానేశాడని ఊరంతా అంటుంది.

"పోదం," అంది అమ్మీ.

"నువ్వా?"

"అవ్, నేనే. నువ్వు మేస్త్రివి, నేను సామాన్లు అందించేదాన్ని. గట్లనే చెప్పు. రజియా గూడ వస్తది, దాని చెయ్యి సన్నగుంటది."

రజియా నేను. పదో తరగతి చదువుతున్నాను. గౌస్‌ను పక్కింట్లో వదిలి ఆదివారం మొదటి బస్సుకు ముగ్గురం బయల్దేరాం. అబ్బా ఒళ్ళో రెక్సిన్ చుట్ట, అమ్మీ ఒళ్ళో స్పాంజి మూట. సామాన్ల సంచి నాకు ఇస్తే దాన్ని సీటు కిందికి తోసి, నాది కానట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. గోదావరి వంతెన దాటి, భద్రాచలంలో బస్సు మారి, దిగి ఇప్పచెట్ల మధ్య మట్టిదారిన నడిచాం. పెంకుల దవాఖానా. ముందు చెట్ల కింద రోగుల తాలూకు మనుషులు వంట చేసుకుంటూ కోయలో మాట్లాడుకుంటున్నారు. జీపు చుట్టూ అప్పటికే మనుషులు చేరారు. డ్రైవరు ముత్తయ్య, ఇద్దరు నర్సులు, వాళ్ళ వెనక ఎర్ర రిబ్బన్లు కట్టుకున్న నా ఈడు పిల్ల. కాంపౌండరు కూతురట. అంతమంది ముందు మా అమ్మీ చీర కుచ్చిళ్ళు దోపి, జీపులోకి ఎక్కి, డాష్‌బోర్డు కిందికి తల పెట్టింది. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. వెళ్ళి దూరంగా చెట్టు మొదట్లో నిలబడ్డాను.

ఫోను లేని రోజులు. అమ్మీ పాత పేపరు పరిచి, బొగ్గుతో డాష్‌బోర్డు ఆకారం గీసింది. ఎక్కడి స్క్రూ తీస్తే బొమ్మలో అక్కడ పెట్టేది. విప్పేది అబ్బానే. చేత్తో తడిమి స్క్రూ తల దొరికించుకునేవాడు, ఎవరూ అనుమానపడలేదు. ఆ చివరికి వచ్చేసరికి ప్యాడ్ కదల్లేదు. స్పీడు మీటరు వెనక ఇంకో నట్టు ఉంది. అబ్బా చెయ్యి పెద్దది, పట్టదు. అమ్మీ చెయ్యి పడుతుంది కానీ గాజులు అడ్డం.

"రజియా, రా. చెయ్యి పెట్టు," అని పిలిచింది.

ఎర్ర రిబ్బన్ల పిల్ల నన్నే చూస్తోంది. నేను కదల్లేదు. అమ్మీ రెండోసారి పిలవలేదు. నా వైపు చూడనైనా చూడలేదు. ఎడమ చేతి గాజులు ఒకటొకటి తీసి సీటు మీద పెట్టడం మొదలుపెట్టింది. మొగుడు బతికుండగా మా ఆడవాళ్ళు చేతులు బోసిగా ఉంచుకోరు. మట్టి గాజు చిట్లితే, ఇంకోటి వేసుకున్నాకే ఇంకో పని. ఒకటి, రెండు, మూడు. ఆ చప్పుడు అబ్బాకు వినపడింది.

"ఏం జేస్తున్నవ్?" అన్నాడు గట్టిగా.

నేను పరిగెత్తాను. "వద్దమ్మీ, నేను పెడత, నేను పెడత," అంటూ ఆమెను తోసినట్టే చేసి లోపలికి దూరాను. లోపల గరుకు రేకు మోచేతిని గీకింది. చల్లగా, చిన్నగా నట్టు వేళ్ళకు తగిలింది. తిప్పాను. అది ఊడి నా అరచేతిలో పడ్డప్పుడు నాకు ఎందుకో ఏడుపొచ్చింది. అమ్మీ మూడు గాజులూ మళ్ళీ తొడుక్కుని, పేపరు మీద ఆ నట్టు చోటు చూపించి, "ఇక్కడ పెట్టు," అంది. ఆ తర్వాత ఎవరు చూస్తున్నారో నేను చూడలేదు.

ప్యాడ్‌ను వసారాలోకి తెచ్చి పాత రెక్సిన్ ఒలిచి, ముద్దలైన స్పాంజి గీకేశాం. రేకు తుప్పును గరుకు కాగితంతో రుద్దుతున్నాం. అప్పుడు ఒక మనిషి సైకిలు మీద చెమటలు కారుతూ వచ్చాడు. వాళ్ళ ఊళ్ళో ఒక ఆమెకు నిన్నటి నుంచి నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగింది. డాక్టరమ్మ సంచి భుజానికి వేసుకుని పరుగున వచ్చి జీపు చూసి ఆగిపోయింది. డాష్‌బోర్డు ఉండాల్సిన చోట బోసి రేకు, మీటర్లు, వేలాడే వైర్లు.

"బండి కదుల్తుందా మేస్త్రీ?" అని అబ్బాను అడిగింది.

"కదలదమ్మా, వైర్లు తగుల్కుంటే కాలిపోతది," అన్నాడు ముత్తయ్య. వైర్లు ఎలా ఉన్నాయో అబ్బాకు కనపడదు. ఆయన మొహం అమ్మీ ఉన్న వైపు తిరిగింది.

ఆ రోజంతా బయటివాళ్ళతో ఒక్క మాట మాట్లాడని మా అమ్మీ లేచి నిలబడింది. "కదుల్తది. వైర్లు ఏవీ తెంపలే, ఊకె ఏలాడుతున్నయ్, అంతే. కడత," అంది. ఒలిచిన పాత రెక్సిన్‌ను పట్టీలుగా కోసి వైర్లను దేనికదే విడిగా కట్టింది. గోనె సంచి మడిచి రేకు అంచు మీద వేసి తాడుతో బిగించింది. "బ్యాటరీ వైరు పెట్టన్నా. చెయ్యి ఇటు పెట్టకు. అమ్మా, మీరు గోనె మీద చెయ్యి ఆనిచ్చి కూసోండ్రి," అంది. జీపు స్టార్టయింది. దుమ్ము లేపుకుంటూ అడవి దారిలోకి వెళ్ళిపోయింది.

అది తిరిగి వచ్చేలోపు ప్యాడ్ తయారు కావాలని అమ్మీ పట్టు పట్టింది. రేకుకు స్పాంజి అంటించి, కత్తితో అంచులు గుండ్రంగా చెక్కింది. కొత్త రెక్సిన్‌ను ఎండలో బండ మీద పరిచి, అది మెత్తబడగానే తెచ్చి పైన కప్పింది. అబ్బా లాగాడు. "ఇంకింత... ఇంకింత... చాలు," అని వేళ్ళతో వింటున్నట్టు తల వంచి చెప్పాడు. ఆమె జనానికి వీపు తిప్పి, ప్యాడ్ మోకాలి మీద పెట్టుకుని వంకర సూదితో అంచు వెంబడి జంట కుట్టు వేసుకుంటూ పోయింది. రెండు రెక్సిన్ మడతల్లోంచి సూది దిగాలంటే వేలితో నెట్టాలి. వేళ్ళ చివర్లు రక్తం చిమ్మితే కొంగుకు తుడుచుకుని మళ్ళీ నెట్టేది. నేను సూదికి దారం ఎక్కించి ఇస్తూ కూర్చున్నాను. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ పనీ చేయలేదు.

జీపు వచ్చేసరికి ఆఖరి ముడి పడుతోంది. నొప్పులు పడుతున్న ఆమెను మంచం మీద లోపలికి మోసుకెళ్ళారు. మేం జీపెక్కి పేపరు బొమ్మ పక్కన పెట్టుకుని, ఎక్కడిది అక్కడ బిగించాం. స్పీడు మీటరు వెనక నట్టు ఈసారి ఎవరూ పిలవకముందే నేనే బిగించాను. ఎండ వాలుతుండగా డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, తల్లీ పిల్లా బాగున్నారని చెప్పి, జీపు దగ్గరికి వచ్చింది. నల్లగా, బిగువుగా, ఒక్క ముడత లేకుండా ఉన్న ప్యాడ్ మీద అరచేత్తో నిమిరింది.

"యాకూబ్ మేస్త్రీ, మీ చేతి పని గురించి విన్నాను కానీ ఇంత అనుకోలేదు," అంది.

అబ్బా నేల చూశాడు. అమ్మీ సామాన్లు సంచిలో సర్దుతోంది. డాక్టరమ్మ కాసేపు కుట్టు వైపే చూసి, అమ్మీ దగ్గరికి నడిచి, చెయ్యి ఇలా ఇవ్వమని అడిగింది. అమ్మీ సిగ్గుపడుతూ ఇచ్చింది. వేళ్ళన్నీ చిల్లులు పడి ఉన్నాయి. లోపలికి వెళ్ళి దూది, టింక్చరు తెచ్చి, ఒక్కో వేలికీ తనే అద్ది, "నేనూ కుట్లు వేసేదాన్నేనమ్మా," అంది. ఆ మాట అబ్బా విన్నాడు.

తిరుగు బస్సులో సామాన్ల సంచి నా ఒళ్ళోనే పెట్టుకున్నాను. వంతెన దాటాక నేను ఉండబట్టలేక అడిగాను, "అబ్బా, అమ్మీ చేసిందని ఎందుకు చెప్పలే?"

"చెప్తే? ఆడమనిషి కుట్టిందంటే ఎవరు పనిస్తరు? నాకు కండ్లు లేవంటే ఎవరిస్తరు?"

"ఊకో రజియా," అంది అమ్మీ. "గట్ల చెప్పమన్నది నేనే."

ఆ జీపు అడవి ఊళ్ళన్నీ తిరిగేది కదా, చూసినవాళ్ళందరూ ఆ పని ఎవరిదని అడిగారు. కాంట్రాక్టర్లు, కర్ర డిపోల వాళ్ళు, ఇల్లందు వైపు నుంచి కూడా జీపులు రావడం మొదలైంది. ఇంటికి మోసుకొచ్చి చేసేంత పని కాదది. అమ్మీ దుకాణంలోనే కూర్చోవాల్సి వచ్చింది. మొదట షెడ్డు వెనక భాగంలో పరదా కట్టారు. పరదా వెనక వెలుతురు చాలక దారం కనిపించడం లేదని కొన్నాళ్ళకు అమ్మీయే దాన్ని ఊడదీసి మిషను మీద దుమ్ము పడకుండా కప్పింది. ఎవరూ పని మానుకోలేదు. ఒకరిద్దరు గొణిగారు, తర్వాత వాళ్ళ బళ్ళే తెచ్చి ఆపారు. ఆ దుకాణం మీదే నేను బి.ఇడి. చదివాను, గౌస్ పెళ్ళయింది. అమ్మీ చేతులు వణకడం మొదలయ్యేదాకా ఇరవై ఏళ్ళకు పైగా మా ఇంటి పొయ్యి ఆమె సూది మీదే వెలిగింది.

ఇదంతా సమీనా చేతులు ఆపకుండానే వింది. దాని పని తీరు వేరు. స్పాంజి కుదురుగా కోయడానికి కరెంటు కత్తి ఉంది. రెక్సిన్ మెత్తబరచడానికి వేడిగాలి మిషను ఉంది, ఎండ కోసం చూడనక్కర్లేదు. చేతులకు గ్లౌజులు. మా అమ్మీ రోజంతా రక్తం కార్చి చేసిన కుట్టును అది మిషను మీద టీ చల్లారేలోపు వేసింది. నాకు ఈర్ష్య కలగలేదు, బాధా కలగలేదు. ఆ వేళ్ళకు ఈ గ్లౌజులుంటే ఎంత బాగుండేదని మాత్రం అనుకున్నాను. మూలలు తిప్పే చోట మిషను పోదు. అక్కడ సమీనా కూడా మిషను ఆపి, గ్లౌజు తీసి, వంకర సూదే పట్టుకుంది. గౌస్ ఎదురుగా కూర్చుని రెక్సిన్ లాగాడు, నడుము పట్టుకుని మూలుగుతూ.

మర్నాడు సుబ్బారావు గారు వచ్చి చూసి, జీపు చుట్టూ రెండుసార్లు తిరిగారు. "గౌస్ గారూ, ఎంత బాగా చేశారండీ!" అన్నారు.

"నేనే చేసిన సార్," అంది సమీనా, స్క్రూడ్రైవర్ తుడుచుకుంటూ. మామూలుగా, టైమెంతో చెప్పినంత మామూలుగా అంది. ఆయన "అవునా తల్లీ!" అని నవ్వి, అప్పటికప్పుడు దాన్ని ఎక్కించుకుని పాల్వంచ రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తీసుకొచ్చారు. మూడు మాటలు. అబ్బా అన్నాళ్ళు చెప్పలేకపోయినవి. అది అలా అనగలిగినందుకు నాకు గర్వంగా ఉంది. అలా అనడానికి ధైర్యం కావాలని కూడా దానికి తెలియకపోవడం నాకు ఇంకా గర్వంగా ఉంది.

సాయంత్రం టీ తాగుతుంటే అది అడిగింది, "మరి దాదా ఎన్నడూ చెప్పనే లేదా ఫుప్పూ? దాదీదే పని అని?"

చెప్పాడు మా అబ్బా. అది కూడా చెప్పాను.

డాక్టరమ్మ దవాఖానాకు వెళ్ళొచ్చిన తర్వాత చాలా రోజులకు, జనాభా లెక్కలు రాసుకోవడానికి ఒక సారు ఇల్లిల్లూ తిరుగుతూ మా వసారాలోకి వచ్చాడు. అబ్బా మంచం మీద కూర్చుని ఉన్నాడు. అప్పటికి ఆయనకు ఎదురుగా ఉన్న మనిషి మొహం కూడా సరిగా తెలిసేది కాదు. అమ్మీ గుమ్మం లోపల బియ్యం చెరుగుతోంది. నేను చదువుకుంటున్నాను. సారు పేర్లు రాసుకున్నాడు, వయసులు రాసుకున్నాడు.

"యాకూబ్, కుషన్ మేస్త్రి. ఖాసింబీ, ఇంటిపని," అని తనే పైకి అనుకుంటూ రాశాడు.

"ఆగు సారు," అన్నాడు అబ్బా. "తప్పు రాస్తున్నవ్. మేస్త్రి ఆమె."

"ఆమెనా?"

"అవ్. ఖాసింబీ, కుషన్ మేస్త్రి. రాయి."

లోపల చేట చప్పుడు ఆగిపోయింది. సారు మా అందరి మొహాలూ చూసి, కొట్టేసి, రాశాడు. "మరి నీది ఏం రాయమంటవ్?"

"నాదా?" అబ్బా మొహం గుమ్మం వైపు తిరిగింది. "ఆమె దగ్గర పనిచేస్త. గట్లనే రాయి."

సారు నవ్వలేదు. అది నాకు బాగా గుర్తు. రాసుకుని, మంచినీళ్ళు అడిగాడు. అమ్మీ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చి, వెళ్ళిపోకుండా అక్కడే నిలబడింది. ఆయన నీళ్ళు తాగుతుంటే మోకాలి మీదున్న కాగితం వైపే చూస్తోంది. అందులో ఒక్క అక్షరం కూడా ఆమెకు తెలియదు.

"ఏం రాసిండో చదువు బేటీ," అంది నాతో, మెల్లగా.

సారు కాగితం నా వైపు తిప్పాడు. నేను వేలు పెట్టి చదివాను. "ఖాసింబీ. కుషన్ మేస్త్రి."

ఆమె కొంగుకు చేతులు తుడుచుకుంది. "మల్ల చదువు," అంది.

మళ్ళీ చదివాను.